బడి ఎప్పుడు తెరుస్తారు? శాన్‌ఫ్రాన్సిస్కో తల్లిదండ్రుల ఆగ్రహంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కోవిడ్ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ బడుల మీద తల్లిదండ్రులు ఎందుకంతగా మండిపడ్డారని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. కొత్తగా బే ఏరియాకు (శాన్‌ఫ్రాన్సిస్కో, దాని చుట్టుపక్కల ఊళ్లు) వచ్చి, పిల్లలను ఏ ఊరి బడిలో చేర్చాలా అని లెక్కలు వేసుకునే జంటలు అడుగుతారు. “బడికి లింకన్ పేరు కూడా తీసేశారటగా!” అని వాట్సాప్‌లో చదివి ఫోను చేసే బాబాయిలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి అలిసిపోయి ఇలా రాసి పెట్టాను. మాది ఆ నగరం కాదు, పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది). అక్కడి బోర్డు సమావేశాలను మాత్రం ఆ ఏడాదంతా సీరియల్ చూసినట్టు చూశాను.

స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన డీఈవో ఆఫీసు లాంటిదా?

పేరు వింటే అలాగే అనిపిస్తుంది కానీ కాదు. డీఈవో ప్రభుత్వ ఉద్యోగి. పైనుంచి ఉత్తర్వు వస్తే జిల్లాలో అమలు చేస్తారు. ఇక్కడి డిస్ట్రిక్ట్ దానికదే ఒక స్థానిక సంస్థ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడుగురు సభ్యుల బోర్డును నగర ఓటర్లు నాలుగేళ్లకోసారి ఎన్నుకుంటారు. ఆ బోర్డు డిస్ట్రిక్ట్‌ను నడిపే సూపరింటెండెంట్‌ను నియమిస్తుంది. అప్పట్లో ఆ కుర్చీలో ఉన్నది విన్సెంట్ మాథ్యూస్. బోర్డు సభ్యుల గౌరవ వేతనం అప్పట్లో నెలకు 500 డాలర్లు. ఆ నగరంలో కారు నిలుపుకునే చోటికి అంతకంటే ఎక్కువ అద్దె కట్టేవాళ్లున్నారు. ఇంత చిన్న జీతానికి సుమారు 50 వేల మంది పిల్లల చదువు, వేల మంది ఉద్యోగుల జీతాలు వీళ్ల చేతిలో ఉంటాయి.

ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. బడులు తెరవమని బోర్డును ఆదేశించే అధికారం మేయర్‌కు లేదు. అప్పటి మేయర్ లండన్ బ్రీడ్ విలేకరుల ముందు ఎంత కోప్పడినా ఒక్క బడి తలుపు కూడా తెరిపించలేకపోయారు.

బడులు ఎప్పుడు మూశారు, ఎప్పుడు తెరిచారు?

2020 మార్చి 12న ప్రకటించారు, 16 సోమవారం నుంచి మూశారు. మూడు వారాలే అన్నారు. మరుసటి రోజు, 17 నుంచి, బే ఏరియాలో ఆరు కౌంటీల జనం ఇళ్లలో ఉండిపోవాలన్న ఆదేశం వచ్చింది. ఆ మూడు వారాలు విద్యా సంవత్సరం చివరి దాకా సాగాయి. ఆగస్టు 17న కొత్త సంవత్సరం మొదలైంది, అదీ తెర మీదే. 2021 జనవరి 25 నుంచి చిన్న పిల్లలను, ప్రత్యేక అవసరాలున్న పిల్లలను పిలుస్తామన్నారు. డిసెంబరులో ఆ తేదీనీ ఎత్తేశారు.

చివరికి 2021 ఏప్రిల్ 12న చిన్న తరగతులతో మొదలుపెట్టి, ఆ నెలాఖరుకు ఎలిమెంటరీ పిల్లలను రప్పించారు. మిడిల్, హైస్కూలు పిల్లల్లో అత్యధికులు ఆ ఏడాది తరగతి గది ముఖమే చూడలేదు. అందరికీ, అన్ని రోజులకూ బడి మొదలైంది 2021 ఆగస్టు 16న. లెక్కవేస్తే పదిహేడు నెలలు. ఆరో తరగతి సగంలో ఇంటికి వెళ్లిన పిల్ల ఎనిమిదో తరగతిలో తిరిగి వచ్చింది.

అక్కడ కోవిడ్ అంత తీవ్రంగా ఉందా?

లేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. అమెరికా పెద్ద నగరాల్లో కోవిడ్ మరణాల రేటు అతి తక్కువగా ఉన్న వాటిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి. మాస్కులు తొందరగా పెట్టుకున్న ఊరు, ఇంటి నుంచి పని చేసుకోగల ఉద్యోగాలు ఎక్కువగా ఉన్న ఊరు. 2020 ఆగస్టు చివర కాలిఫోర్నియా కౌంటీలకు రంగులు కేటాయించింది: ఊదా, ఎరుపు, నారింజ, పసుపు. ఊదా అంటే అన్నిటికన్నా ప్రమాదం, పసుపు అంటే తేలిక. అక్టోబరుకల్లా శాన్‌ఫ్రాన్సిస్కో పసుపులోకి వచ్చింది. చలికాలంలో కేసులు పెరిగి మళ్లీ ఊదాలోకి జారింది కానీ, ఆ శరదృతువులో దారి తెరిచే ఉంది.

ఆ దారిన ప్రైవేటు బడులు వెళ్లాయి. ఆరోగ్య శాఖ అనుమతి తీసుకుని వందకు పైగా ప్రైవేటు, చర్చి బడులు పిల్లలను పిలిచాయి. అసలే ఆ నగరంలో పిల్లల్లో మూడో వంతుకు దగ్గరగా ప్రైవేటు బడుల్లోనే చదువుతారు. ఒకే వీధిలో ఒక ఇంటి పిల్లవాడు సంచి తగిలించుకుని బడికి వెళ్తుంటే, పక్కింటి పిల్లవాడు పైజామాలో తెర ముందు కూర్చుని ఉంటాడు. తేడా వైరస్‌ది కాదని, ఫీజుదని ఆ వీధిలో ఎవరికైనా అర్థమవుతుంది. “మేము పన్నులు కట్టేది దేనికి?” అన్న ప్రశ్న అక్కడ పుట్టింది.

జూమ్ చదువు ఎలా ఉండేది?

కాగితం మీద చక్కగానే ఉండేది. రాష్ట్ర చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్‌కు రోజుకు కనీసం 180 నిమిషాలు, ఒకటి నుంచి మూడు తరగతులకు 230, ఆ పైన 240. అందులో టీచరు ఎదురుగా చెప్పేదీ, పిల్లలు సొంతంగా చేసుకునేదీ కలిసి ఉంటాయి. ఆ రెండో భాగం ఎవరి నెత్తిన పడిందో చెప్పనక్కరలేదు.

మా ఊళ్లోనూ ఇదే పద్ధతి కాబట్టి నేను దగ్గరగా చూసింది చెబుతాను. అప్పుడు మా వాడిది ఒకటో తరగతి. భోజనాల బల్లకు ఒక చివర నేను, మరో చివర వాడు. ఒక రోజు టీచరమ్మ “మీ బొమ్మ చూపించండి” అన్నారు. వాడు ఏనుగు బొమ్మ గీసిన కాగితాన్ని కెమెరాకు ఆనించి పట్టుకున్నాడు. ఇరవై ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరి బొమ్మ గురించి ఒక్కో మాట. వీడి వంతు రాలేదు. చెయ్యి నొప్పెట్టి రెండో చేత్తో పట్టుకున్నాడు. తర్వాత కాగితం కింద గడ్డం పెట్టి నిలబెట్టాడు. ఈలోగా గంట అయిపోయింది, ఆవిడ నవ్వుతూ అందరికీ చెయ్యి ఊపారు, తెర నల్లబడింది. వీడు కాగితం దించకుండా ఇంకాసేపు అలాగే కూర్చున్నాడు. ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ వెనకాల గదిలో ఆవిడ పసిబిడ్డ ఏడుపు మా అందరికీ వినిపిస్తూనే ఉండేది.

ఆ ఏడాది చివరికి వాడు ఫోనులో మా అమ్మ మాట వినపడకపోతే “అమ్మమ్మా, మ్యూట్ తీసెయ్” అనడం నేర్చుకున్నాడు. చదవడం మాత్రం వచ్చే వేసవికి గానీ రాలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంతకంటే కష్టమైన ఇళ్లున్నాయి. చైనాటౌన్‌లో ఒకే గదిలో సంసారం చేసే కుటుంబాలు, అర్ధరాత్రి హోటళ్లలో, ఆసుపత్రుల్లో పని చేసి పగలు నిద్రపోవలసిన తల్లులు. డిస్ట్రిక్ట్ చిన్న కంప్యూటర్లు, ఇంటర్నెట్ పెట్టెలు పంచింది. నగర ప్రభుత్వం సెప్టెంబరులో గ్రంథాలయాల్లో, ఆటల కేంద్రాల్లో పేద పిల్లల కోసం చదువు కేంద్రాలు తెరిచింది. పిల్లలు అక్కడ కలిసి కూర్చుని, పెద్దల పర్యవేక్షణలో, జూమ్ తరగతులకు హాజరయ్యేవారు. గ్రంథాలయంలో కూర్చోగలిగిన పిల్లలు బడిలో ఎందుకు కూర్చోలేరన్న ప్రశ్నకు నాకు ఈనాటికీ సరైన జవాబు దొరకలేదు.

బడులు మూసినందుకే ఇంత కోపమా?

మూసినందుకు కాదు. మార్చిలో మూసినప్పుడు దాదాపు అందరూ సరేనన్నారు. “ఎప్పుడు తెరుస్తారు?” అన్న ఒకే ఒక్క ప్రశ్నకు నెలల తరబడి జవాబు రాకపోవడం, ఆ ప్రశ్న అడగడానికి వచ్చినవారు అర్ధరాత్రి దాకా వేరే చర్చలు వింటూ కూర్చోవలసి రావడం, నా లెక్కలో అసలు కారణాలు.

బోర్డు సమావేశాలు మంగళవారాల్లో జరిగేవి. మధ్యాహ్నం మొదలై ఏడెనిమిది గంటలు సాగిన రోజులున్నాయి. పిల్లలకు అన్నం పెట్టి, పడుకోబెట్టి, లాప్‌టాప్ ముందు చేరిన తల్లిదండ్రులకు మాట్లాడే వంతు వస్తే ఒకటి రెండు నిమిషాలు. ఏడుస్తూ మాట్లాడినవాళ్లను విన్నాను. “థాంక్యూ, తర్వాతి వ్యక్తి” అంతే. అక్కడ ప్రజల మాటకు బోర్డు అప్పటికప్పుడు బదులివ్వనక్కరలేదన్నది పద్ధతి. పద్ధతి సరే, ఏడ్చే మనిషికి అది గోడలాగే కనిపిస్తుంది.

2020 వేసవిలో, బడులు తెరవడానికి ప్రణాళిక వేసే సలహా సంస్థను పెట్టుకుందామని సూపరింటెండెంట్ అడిగారు. ఆ సంస్థ గతంలో చార్టర్ స్కూళ్లతో (ప్రభుత్వ డబ్బుతో వేరే సంస్థలు నడిపే బడులు) పని చేసిందని బోర్డు కాదంది. ఇల్లు అంటుకుంటే నీళ్లు తెచ్చినవాడి గోత్రం అడిగినట్టుంది నాకైతే.

లింకన్ పేరు తీసేశారన్నది నిజమేనా?

తీసేయాలని ఓటు వేసిన మాట నిజం, తీసేయలేదన్నదీ నిజం.

2021 జనవరి 26, మంగళవారం. బడులు మూతపడి పది నెలలు. ఆ రాత్రి బోర్డు 6–1 ఓట్లతో 44 బడుల పేర్లు మార్చాలని నిర్ణయించింది. అంటే నగరంలోని బడుల్లో సుమారు మూడో వంతు. బానిసత్వంతో, వలస దోపిడీతో, జాతి వివక్షతో సంబంధమున్నవారి పేర్లు ఉండకూడదన్నది ఉద్దేశం. 2018లోనే మొదలైన ఆలోచన అది. జాబితాలో జార్జ్ వాషింగ్టన్, అబ్రహాం లింకన్, అప్పటికి సెనేటర్‌గా ఉన్న డయాన్ ఫెయిన్‌స్టెయిన్ కూడా ఉన్నారు.

ఆలోచన మంచిదా చెడ్డదా అన్నది పక్కన పెట్టండి. నామకరణ కమిటీ చేసిన పని ఒకసారి చూడండి. అమెరికా స్వాతంత్ర్య యోధుడు పాల్ రివియర్ 1779లో పాల్గొన్న పెనోబ్‌స్కాట్ దండయాత్ర బ్రిటిష్ కోట మీదకు జరిగింది. దాన్ని పెనోబ్‌స్కాట్ తెగ భూమి లాక్కోవడానికి జరిగిందిగా చదువుకున్నారు. రూజ్‌వెల్ట్ మిడిల్ స్కూలు విషయంలో ఆయన థియొడోర్ రూజ్‌వెల్టా, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టా అన్నదే తేల్చుకోలేదు. చరిత్రకారులను పిలిచి అడిగింది లేదు. మన దగ్గర వీధి పేరు మార్చినా ఎవరో ఒక విశ్రాంత మాస్టారు పత్రికకు లేఖ రాసి తప్పులు దిద్దుతారు. ఇక్కడ అది ఓటు పడిన తర్వాత, దేశమంతా నవ్విన తర్వాత జరిగింది.

అయితే తల్లిదండ్రులను కుదిపింది చరిత్ర తప్పులు కావు. పేర్లు మార్చబోతున్న ఆ 44 భవనాల్లో ఆ రోజు పిల్లలెవరూ లేరు. ఖాళీ బడికి ఏ పేరు పెడితే ఏమిటని మితవాదులే కాదు, జీవితమంతా ఉదారవాదులకు ఓటు వేసినవాళ్లూ అడిగారు. ఏప్రిల్ 6న బోర్డు ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. పిల్లలందరూ పూర్తిగా బడికి వచ్చాక మళ్లీ చూద్దామంది.

లోవెల్ హైస్కూలు గొడవ ఏమిటి?

1856లో మొదలైన ప్రభుత్వ హైస్కూలు అది. మార్కులు, పరీక్ష చూసి సీటు ఇస్తారు. మన ఊళ్ల వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే నవోదయ ప్రవేశ పరీక్షలాంటి పోటీ. పిల్లల్లో సగానికి పైగా ఆసియా మూలాలవారు, ముఖ్యంగా చైనీయులు. నల్లజాతి, లాటినో పిల్లలు చాలా తక్కువ. అక్కడ జాత్యహంకార ఘటనలూ జరిగాయి, వాటిని కొట్టిపారేయకూడదు.

కోవిడ్ వల్ల మార్కులూ పరీక్షలూ లేవు కాబట్టి 2020 అక్టోబరులో ఒక్క ఏడాదికి లాటరీ పెట్టారు. అంతవరకూ అర్థముంది. 2021 ఫిబ్రవరి 9న, ఇంకో మంగళవారం, 5–2తో దాన్ని శాశ్వతం చేశారు. అంత పెద్ద నిర్ణయం అంత తొందరగా తేల్చారు. బడి తెరిచే తేదీ మాత్రం తేలలేదు. బహిరంగ సమావేశాల చట్టాన్ని ఉల్లంఘించారని ఆ నవంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టింది. 2022 జూన్‌లో కొత్త బోర్డు 4–3తో పాత పద్ధతిని తిరిగి తెచ్చింది.

చైనీయ తల్లిదండ్రులు పెద్ద సంఖ్యలో రాజకీయాల్లోకి దిగింది దీనితోనే. తెలుగు ఇళ్లలో ఐఐటీ కోచింగ్ గురించి మాట్లాడుకునే స్వరం వాళ్ల ఇళ్లలో లోవెల్ గురించి వినిపిస్తుంది.

ట్వీట్ల వ్యవహారం?

బోర్డు ఉపాధ్యక్షురాలు ఆలిసన్ కాలిన్స్ 2016లో రాసిన ట్వీట్లు 2021 మార్చిలో బయటికి వచ్చాయి. ఆసియా అమెరికన్లు పైకి రావడానికి శ్వేతజాతి ఆధిక్య భావజాలాన్ని వాడుకుంటున్నారన్నది సారాంశం, భాష ఇంకా కటువు. ఆసియా మూలాల వారి మీద దేశమంతా దాడులు జరుగుతున్న రోజులవి. సందర్భం నుంచి విడదీసి చూస్తున్నారని ఆమె అన్నారు. బోర్డు ఆమె ఉపాధ్యక్ష పదవిని తీసేసింది. ఆమె డిస్ట్రిక్ట్ మీదా, తోటి సభ్యులు ఐదుగురి మీదా 87 మిలియన్ డాలర్లకు దావా వేశారు. ఆగస్టులో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోగా లాయర్ల ఖర్చు డిస్ట్రిక్ట్ నెత్తిన పడింది.

నగరమే తన బడుల మీద కేసు వేసిందట?

వేసింది. 2021 ఫిబ్రవరి 3న సిటీ అటార్నీ (నగర ప్రభుత్వ న్యాయవాది) డెనిస్ హెర్రెరా డిస్ట్రిక్ట్ మీదా, బోర్డు మీదా కోర్టుకు వెళ్లారు. తెరిచేందుకు చట్టం కోరిన స్పష్టమైన ప్రణాళిక లేదన్నది వాదన. మార్చి చివర జడ్జి తక్షణ ఆదేశం ఇవ్వడానికి నిరాకరించారు, అప్పటికే ఏప్రిల్ తేదీ ఖరారైంది కాబట్టి. కోర్టులో ఓడినా, కేసు వేసిన తర్వాతే తేదీ వచ్చిందని తల్లిదండ్రులు గుర్తుపెట్టుకున్నారు.

తప్పంతా టీచర్లదేనా? యూనియన్ అడ్డుపడిందంటారు.

యూనియన్ షరతులు పెట్టింది, గట్టిగానే పెట్టింది. ఫిబ్రవరి 2021 ఒప్పందం ప్రకారం కౌంటీ ఎరుపు రంగులో ఉంటే టీచర్లకు టీకాలు వేశాకే తెరవాలి, నారింజకు దిగితే టీకాల్లేకుండానైనా తెరవవచ్చు. కొందరు తల్లిదండ్రులకు ఇది సాకుగా కనిపించింది.

నేను అంత సులువుగా అనలేను. పాతకాలపు భవనాలు, తెరుచుకోని కిటికీలు, ముప్పై మంది పిల్లలు, ఇంట్లో ముసలి తల్లిదండ్రులున్న టీచరు. 2020 డిసెంబరులో టీకా ఇంకా అందరికీ రాలేదు. భయం నాటకం కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి: ఏప్రిల్‌లో తెరిచినప్పుడు ఆసియా కుటుంబాల్లో చాలామంది తమ పిల్లలను పంపడానికి వెనకాడారు. ఇంట్లో తాతలు, అమ్మమ్మలు ఉన్నవాళ్లు, బస్సులో తమ మీద దాడి జరుగుతుందని భయపడినవాళ్లు. “తల్లిదండ్రులు” అనగానే అందరూ తెరవమనే అడిగారనుకోవద్దు.

భయపడే టీచరుకూ, బతిమాలే తల్లికీ మధ్య నిలబడి లెక్క తేల్చవలసింది బోర్డు. జీతమిచ్చే యజమాని వాళ్లే. ఆ కుర్చీలో కూర్చుని ఆ పని చేయలేదన్నది నా అభియోగం.

చివరి తరగతి పిల్లలను నిధుల కోసమే బడికి పిలిచారన్నది నిజమా?

దాదాపుగా. 2021 మార్చిలో రాష్ట్రం ఒక చట్టం చేసింది. బడులు తెరిచే డిస్ట్రిక్టులకు 2 బిలియన్ డాలర్ల ప్రోత్సాహకం, ఏప్రిల్ 1 తర్వాత ఆలస్యమైన ప్రతి బడిదినానికీ ఒక శాతం కోత. శాన్‌ఫ్రాన్సిస్కో వాటా సుమారు 12 మిలియన్లు. అది అందాలంటే పెద్ద తరగతుల్లో కనీసం ఒకటైనా రావాలి. మే నెలలో పన్నెండో తరగతి పిల్లలను కొన్ని రోజులకు పిలిచారు. పాఠం చెప్పడానికి కాదు, “పర్యవేక్షణ”కు. పిల్లలు బడి గదిలో కూర్చుని మళ్లీ అదే లాప్‌టాప్ తెరిచారు. బోర్డును సమర్థించేవాళ్లు కూడా దీన్ని నా ముందు సమర్థించలేదు.

రీకాల్ అంటే ఏమిటి, ఎలా జరిగింది?

ఎన్నికైన వ్యక్తిని పదవీకాలం మధ్యలో ఓటర్లే దించేసే పద్ధతి. శివ రాజ్ అనే భారతీయ మూలాలున్న తండ్రి, ఆటమ్ లూయెన్ అనే తల్లి 2021 ఫిబ్రవరిలో దీన్ని మొదలుపెట్టారు. ఇద్దరికీ రాజకీయ అనుభవం లేదు. ఒక్కొక్క సభ్యుడికి 51,325 చెల్లుబాటయ్యే సంతకాలు కావాలి. ఆదివారం కూరగాయల సంతల దగ్గర బల్లలు వేసుకుని, అట్టలకు క్లిప్పులతో కాగితాలు బిగించి నిలబడ్డారు. సెప్టెంబరుకు ఒక్కొక్కరి మీద సుమారు 80 వేలు వచ్చాయి.

ఏడుగురిలో ముగ్గురినే ఎందుకు? మిగతా నలుగురు 2020 నవంబరులోనే ఎన్నికయ్యారు, అప్పటికి వాళ్లను దించే వీలు నిబంధనల్లో లేదు. మిగిలింది అధ్యక్షురాలు గాబ్రియేలా లోపెజ్, కాలిన్స్, ఫౌయుగా మొలిగా. మొలిగా మీద ప్రత్యేకంగా ఎవరికీ కోపం లేదు, పాపం, బృందంలో ఉండి కొట్టుకుపోయారు.

డబ్బు మాటా చెప్పాలి. ధనిక పెట్టుబడిదారులు, అందులో ఆర్థర్ రాక్, లక్షల డాలర్లు ఇచ్చారు. ఇది కోటీశ్వరుల కుట్ర అని వ్యతిరేకులన్నది అందుకే. డబ్బు కాగితాలు అచ్చు వేయించగలదు, నిజమే. 2022 ఫిబ్రవరి 15న వచ్చిన ఫలితం చూడండి: కాలిన్స్‌ను దించాలని సుమారు 76 శాతం, లోపెజ్‌ను 72, మొలిగాను 69. దేశంలోనే అతి ఉదారవాద నగరాల్లో ఒకటి అది. ఆ తీరున ఏకమవడానికి కరపత్రాలు చాలవు. అన్నట్టు, అదీ మంగళవారమే. మంగళవారం ఏ పనీ మొదలుపెట్టకూడదని మా అమ్మమ్మ అనేది, ముగించవచ్చా అని ఎప్పుడూ అడగలేదు.

మాకు పౌరసత్వం లేదు. హెచ్1బీ వీసా మీద ఉన్నాం. మేము ఓటు వేయవచ్చా?

తెలుగువాళ్లు అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. జవాబు జాగ్రత్తగా చదవండి.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో నివసిస్తూ, 19 ఏళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులు, సంరక్షకులు పౌరులు కాకపోయినా స్కూల్ బోర్డు ఎన్నికల్లో మాత్రం ఓటు వేయవచ్చు. 2016 నవంబరులో ఓటర్లు ఆమోదించిన నిబంధన ఇది, 2018 నుంచి అమల్లో ఉంది. రీకాల్‌కూ వర్తించింది. 2022 జూలైలో ఒక జడ్జి దీన్ని కొట్టేశారు, 2023 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ తీర్పును రద్దు చేసి నిబంధనను నిలబెట్టింది. ఇది శాన్‌మటేయోకో ఫ్రీమాంట్‌కో వర్తించదు. శాసనసభకు, సెనేట్‌కు, అధ్యక్షుడికి పొరపాటున కూడా ఓటు వేయకూడదు. వేస్తే గ్రీన్‌కార్డూ పౌరసత్వమూ వచ్చే అవకాశమే పోవచ్చు, దేశం నుంచి పంపించనూవచ్చు.

అయినా ఈ హక్కు వాడుకున్నవాళ్లు వందల్లోనే ఉన్నారు. కారణం ఉంది. నమోదు పత్రంతో పాటే ఎన్నికల శాఖ ఒక హెచ్చరిక ఇస్తుంది: మీరిచ్చే వివరాలు వలస అధికారుల చేతికి వెళ్లవచ్చు, ముందు న్యాయవాదిని సంప్రదించండి అని. పైగా పౌరసత్వ దరఖాస్తులో “ఎప్పుడైనా ఓటు వేశారా?” అని అడుగుతారు. చట్టబద్ధంగానే వేసినా ఆ గడిలో ఏం రాయాలో ముందే తెలుసుకోవాలి. మీ వలస న్యాయవాదిని అడగకుండా ఓటరు నమోదు పత్రం నింపవద్దు. ఓటు వేయకపోయినా సమావేశంలో మాట్లాడవచ్చు, దానికి ఏ వీసా అయినా చాలు.

మన దగ్గరా నెలల తరబడి మూశారు కదా, అక్కడ ఇంత గొడవ జరగలేదే?

మా మామగారు ఇదే అడిగారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ శాట్‌లో పాఠాలు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరిలో చెప్పారు. ఆంధ్రప్రదేశ్ బడులు 2021 ఆగస్టు 16న తిరిగి తెరుచుకున్నాయి, సరిగ్గా శాన్‌ఫ్రాన్సిస్కో పిల్లలు వెళ్లిన రోజే. నష్టం మన పిల్లలకు తక్కువేమీ కాలేదు, చెట్టెక్కితే గానీ సిగ్నల్ అందని ఊళ్లు మనవి. కాకపోతే మన దగ్గర నిర్ణయం ముఖ్యమంత్రిది. కోపం వస్తే ఐదేళ్ల ఎన్నికల దాకా దాచుకోవాలి, అప్పటికి వేరే కోపాలు చేరతాయి. ఇక్కడ బడి కోసమే ఒక ఎన్నికైన బోర్డు, దాని కోసమే ఒక బ్యాలెట్.

పిల్లల చదువు ఎంత దెబ్బతింది?

దేశమంతా జరిపే పరీక్షలో 2019తో పోలిస్తే 2022లో ఎనిమిదో తరగతి గణితం సగటు 8 పాయింట్లు, నాలుగో తరగతిది 5 పాయింట్లు పడిపోయింది. చదవడంలో రెండు తరగతులకూ 3 పాయింట్ల చొప్పున. తొందరగా తెరిచిన రాష్ట్రాల్లోనూ తగ్గింది కాబట్టి అంతా మూత వల్లే అనలేం. అంకెల్లోకి రానివి వేరే ఉన్నాయి. పేరు పిలిస్తే పలకడానికి జంకే పిల్లలు, గుంపులో ఆడుకోవడం కొత్తగా నేర్చుకోవలసి వచ్చిన పిల్లలు.

రీకాల్ తర్వాత అంతా బాగుపడిందా?

లేదు. మేయర్ నియమించిన ముగ్గురు కొత్త సభ్యులు 2022 మార్చిలో వచ్చేసరికి ఖజానాలో సుమారు 125 మిలియన్ డాలర్ల లోటు కనిపిస్తోంది. రాష్ట్రం నిధులిచ్చేది హాజరును బట్టి, పిల్లలేమో వేలల్లో వెళ్లిపోయారు: కొందరు ప్రైవేటుకు, కొందరు ఊరొదిలి. ఆ జనవరిలోనే పెట్టిన కొత్త జీతాల సాఫ్ట్‌వేర్ టీచర్లకు జీతాలు సరిగా వేయలేదు. మార్చిలో టీచర్లు ఫ్రాంక్లిన్ వీధిలోని ప్రధాన కార్యాలయంలో రాత్రంతా బైఠాయించారు. నియమితుల్లో ఒకరు, ఆన్ హ్సు, నల్లజాతి, లాటినో కుటుంబాల గురించి రాసిన మాటలతో వివాదంలో పడి నవంబరు ఎన్నికలో ఓడిపోయారు. 2024లో కొన్ని బడులను మూసేసే ప్రతిపాదన తెచ్చి, తల్లిదండ్రులు తిరగబడితే ఆపేశారు. సూపరింటెండెంట్ మాట్ వేన్ రాజీనామా చేశారు.

మనవాళ్లు తప్పక అడిగే సంగతి: 2014లో ఎనిమిదో తరగతి నుంచి తీసేసిన ఆల్జీబ్రాను తిరిగి తేవాలని 2024 మార్చిలో ఓటర్లు భారీ మెజారిటీతో కోరారు. బోర్డు అంతకు ముందు నెలే అందుకు ఒప్పుకుంది.

మా డిస్ట్రిక్ట్ సమావేశంలో మాట్లాడాలంటే ఏం చేయాలి?

కాలిఫోర్నియాలో సాధారణ సమావేశం ఎజెండాను 72 గంటల ముందు బయటపెట్టాలి. అది చట్టం. వెబ్‌సైట్‌లో వెతికి చదవండి, మీ విషయం ఎన్నో అంశమో చూసుకోండి. జాబితాలో లేని విషయమైనా చివర్లోనో మొదట్లోనో మాట్లాడే సమయం ఇస్తారు. చీటీ నింపాలి లేదా ముందుగా పేరు ఇవ్వాలి. ఇంగ్లీషు ఇబ్బందైతే అనువాదకుడు కావాలని రెండు మూడు రోజుల ముందే అడగండి. తెలుగుకు మనిషి సులభంగా దొరకరు, తోడుగా ఒకరిని తీసుకెళ్లడం మేలు.

రెండు నిమిషాలకు తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చే సమయం ఉండదు. రాసుకుని, ఇంట్లో గడియారం పెట్టుకుని చదివి చూసుకోండి. మొదటి వాక్యంలోనే ప్రశ్న అడగండి, అదీ తేదీతో జవాబు చెప్పవలసిన ప్రశ్న. నేను మొదటిసారి మా ఊరి సమావేశంలో లేచినప్పుడు, ఎంతో కష్టపడి వచ్చామని, చదువంటే మాకు ప్రాణమని ముందుమాట చెప్పేసరికి ఎర్ర దీపం వెలిగింది.